నాలుగో పాటలో మగ్గం చప్పుడు

వనపర్తి దేవరాజు ఏ పాటనూ చివరిదాకా విననివాడు. ఒక మనిషి మీద ఇంతకు మించిన నేరం మోపవచ్చునని డిటెక్టివ్ నాగప్ప అనుకోడు. హత్య చేసినవాడికైనా ఏదో ఒక కారణం ఉంటుంది. పల్లవి ముగియకముందే టేపును ముందుకు ఉరికించి ‘తర్వాతిది ఏందిరా’ అని అడిగేవాడికి ఏ కారణమూ ఉండదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఆ జబ్బు మనిషితో కలిసి ముప్పై మూడేళ్ళ కింద నాగప్ప గద్వాల పాత బస్టాండు ఎదురుగా క్యాసెట్ల కొట్టు పెట్టాడు. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాడికి ఆ కొట్టే కాలేజీ. రాయచూరు నుంచి లారీ డ్రైవర్లు తెచ్చిచ్చే ఇంగ్లీషు క్యాసెట్లు విన్నాడు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఏ రాక్ బ్యాండు మొదటి ఆల్బమ్ గొప్పదో, ఏది ఉత్త డబ్బానో తేల్చి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. వంద వింటే పన్నెండు నిలిచాయి. పదమూడోది తనది కావాలనుకున్నాడు. ఇరవై రెండో ఏట తొమ్మిది పాటలు కట్టాడు, తెలుగులో. ఎనిమిది రాయచూరు స్టూడియోలో రికార్డు చేశాక చేతిలో పైసలు అయిపోతే, తొమ్మిదోది కొట్టు వెనక గదిలో కానిచ్చాడు. అన్నీ ఎక్కించిన అసలు టేపు ఒక్కటే. దాన్ని దేవరాజు చేతిలో పెట్టి, అట్టలు అచ్చేయించడానికి పోయి మూడో రోజు తిరిగి వస్తే, క్యాసెట్లో ఎవరిదో పెండ్లి బ్యాండు మేళం మోగుతోంది.

“ఖాళీదనుకున్ననే,” అన్నాడు దేవరాజు, పల్లీలు నములుతూ.

ఆ ఆల్బమ్ కోసం నాగప్ప ఏం పోగొట్టుకున్నాడో ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా పండగలకే గుర్తు చేస్తుంది.

కొట్టు మూతపడింది. దేవరాజు వనపర్తి చేరి ‘సీసీ కెమెరాలు, ల్యాప్‌టాప్ రిపేర్లు, డిటెక్టివ్ సేవలు’ అని మూడు రంగుల బోర్డు కట్టుకున్నాడు. గద్వాలలో నాగప్పకు బోర్డు లేదు. పెండ్లి సంబంధాల ఆరాలు, తప్పిపోయిన గొర్రెలు, అత్తగారింట్లో అలిగి మాయమైన అల్లుళ్ళు, ఇదే అతని రాజ్యం. ఇరవై తొమ్మిదేళ్ళు అలా గడిచాక, మళ్ళీ ఒక తొలి ఆల్బమ్ పోయింది. మళ్ళీ దేవరాజు పేరే వినపడింది.

బుధవారం పొద్దున పదీ పది నిమిషాలకు నాగప్ప అనంతయ్య మగ్గం కొట్టంలో చాప మీద కూర్చున్నాడు. వనపర్తిలో తీర్పు మూడింటికి. చేతిలో ఉన్నది నాలుగు గంటల యాభై నిమిషాలు. అందులో గంటన్నర బస్సు మింగుతుంది.

టక టక టక్. ధబ్. టక టక టక్. ధబ్.

“జర ఆపుతవా అనంతయ్యా? విచారణ చెయ్యాలె,” అన్నాడు నాగప్ప.

“నువ్వు జెయ్యి. నేను వద్దన్ననా?” గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం ముందు కూర్చున్న అనంతయ్య తల ఎత్తలేదు. “మొన్న సోమవారం ఒకరోజు పాయె. శుక్రవారానికి చీర దించాలె. నీ విచారణకు ఆగితే నా చీర నువ్వు నేస్తవా?”

మగ్గం ఆగదని తేలాక నాగప్ప దాని కూతురి వంటిదైన సింధూజ వైపు తిరిగాడు. అనంతయ్య కూతురు, ఇరవై రెండేళ్ళది, బ్యాండులో డ్రమ్ములు వాయిస్తుంది. తండ్రిలాగే మాట్లాడేటప్పుడు కూడా వేళ్ళు దేన్నో ఒకదాన్ని కొడుతూనే ఉంటాయి. పక్కన రంజిత్. పాటలు రాసేదీ పాడేదీ అతనే. బెంగతో మూడు రోజుల నుంచి అన్నం ముట్టలేదని చెప్పాడు. చొక్కా జేబు మీద మిర్చిబజ్జీ నూనె మరకను నాగప్ప చూశాడు. అన్నానికి, బజ్జీకి తేడా ఉందని అతనికి తెలుసు.

“మొదటి నుంచి చెప్పు బిడ్డా.”

“హైదరాబాద్ల తొలినాదం అని ఒక కంపెనీ ఉన్నది కాకా. ఏడాదికి ఒక్కటంటే ఒక్క కొత్త బ్యాండు తీస్కుంటరు. వాళ్ళ మొదటి ఆల్బమ్ దేశమంత విడుదల చేస్తరు. మేము జూన్ తొమ్మిదికి ఎనిమిది పాటలు పంపినం. వనపర్తి అరుణ్ గాడు ఆరో తారీఖుకే పంపిండు, తొమ్మిది పాటలు. అండ్ల ఎనిమిది మావే! ఎవరివో తేల్చనీకి కంపెనీ మేడం ఇయ్యాల వనపర్తికి వస్తున్నది.”

“గొంతు?”

“నాదే,” అన్నాడు రంజిత్ ఏడుపు మొహంతో. “పాటలన్ని వాడు కట్టిండట. నన్ను, సింధూజను కూలికి పిలిచి పాడించుకున్నడట. కూలి అంటుండు కాకా! పత్తి ఏరనీకి పోయినట్ల!”

“వాని దగ్గరికి ఎట్ల పోయినయి పాటలు?”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. సింధూజే చెప్పింది. “మే ముప్పైకి మా ల్యాప్‌టాప్ ఆగిపోయింది. వనపర్తిల రిపేరుకిచ్చినం. మూడు దినాలకు, లోపల డిస్కు సచ్చిపోయింది, ఏం మిగల్లేదు అని వాపసిచ్చిండ్రు. ఫోన్ల ఉన్న పాటలే కంపెనీకి పంపినం. ఒక్కొక్క వాయిద్యం విడివిడిగ ఉన్న అసలు ముక్కలు మా దగ్గర లెవ్వు. అవి అరుణ్ గాని దగ్గర ఉన్నయి.”

“రిపేరు ఏ షాపుల?”

“మూడు రంగుల బోర్డు ఉంటది కాకా...”

నాగప్ప కళ్ళు మూసుకున్నాడు. దొంగ ఎవరో పదీ పద్దెనిమిదికే తెలిసిపోయింది. కానీ తెలియడం వేరు, తేల్చడం వేరు. గొర్రె ఎవరి దొడ్లో ఉందో ఊరంతా ఎరుగుతుంది. చెవి మీద గుర్తు చూపిస్తేనే అది ఇంటికి వస్తుంది.

“పాటలు పెట్టు,” అన్నాడు.

“నాలుగో పాట వింటే సాలు కాకా. టైమ్ లేదు. కంపెనీ మేడం లడాయి అంత దాని మీదనే—”

“మొదటి ఆల్బమ్‌ను నడుమ నుంచి విన్నోడు మనిషి కాదు. మొదటి నుంచి పెట్టు.”

ముప్పై నాలుగు నిమిషాలు నాగప్ప కదల్లేదు. అతని నోటుపుస్తకంలోని పన్నెండింట్లో ఫ్యాక్టరీలో వేళ్ళ కొసలు తెగ్గొట్టుకున్న ఒక గిటారువాడి ఆల్బమ్ ఉంది. ఒక్క దినంలో అన్నీ రికార్డు చేసి, ఆఖరి పాటకు గొంతు చిరిగిపోయినవాళ్ళది ఉంది. ఎవరూ కొనని ఒకటుంది, కొన్న కొద్దిమందీ తర్వాత తలా ఒక బ్యాండు పెట్టారని చెప్పుకుంటారు. తొలి ఆల్బమ్ అంటే కొల్లాపూర్ మామిడితోటలో తొలికాపు వంటిదని నాగప్ప సిద్ధాంతం. ఇరవై ఏళ్ళ ఎండ, ఇరవై ఏళ్ళ ఆకలి అందులోకి దిగుతాయి. రెండో ఆల్బమ్‌కు కంపెనీవాడు ఆరు నెలలిస్తాడు, అందుకే అది గుజ్జు లేని టెంకగానే పుడుతుంది.

ఎనిమిదో పాట ముగిశాక నాగప్ప లేచి పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. కొట్టంలో నూలు దుమ్ము ఎక్కువని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

“ఇగ నాలుగోది మళ్ళ పెట్టు. మగ్గం మైకు యాడ ఉంచి రికార్డు చేసిండ్రు?”

వాసానికి దారంతో వేలాడదీశామని రంజిత్ చూపించాడు. నాగప్ప సరిగ్గా దాని కిందకు పోయి నిలబడ్డాడు. గోడల నిండా నూలు కట్టలు. మాట గోడకు తగిలి తిరిగి రావడం లేదు. రాయచూరు స్టూడియోవాడు గంటకు ఇంత అని పిండుకున్నది ఈ నిశ్శబ్దం కోసమే. ఇక్కడ పుణ్యానికి దొరుకుతోంది.

పాట మొదలైంది. గిటారు కింద మగ్గం. టక టక టక్, ధబ్. పోగును మోసే మూడు నాడెలు అటూ ఇటూ పరుగెత్తడం, ఆపైన ఒక దెబ్బ. సింధూజ డ్రమ్ము ఆ నడకనే పట్టుకుని పోతోంది. రెండు నిమిషాల నలభై ఒకటో సెకను దగ్గర మగ్గం హఠాత్తుగా ఆగింది. గొంతూ ఆగింది. డ్రమ్మూ ఆగింది. నాగప్ప వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదకొండు. తర్వాత మగ్గం మళ్ళీ ‘టక’ అన్నది, దాని వెంట అన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి.

“ఈడ ఏమైంది?”

“పోగు తెగింది,” అన్నాడు అనంతయ్య, మగ్గం ఆపకుండానే. “అతికిన. మళ్ళ కొట్టిన.”

“పదకొండు లెక్కల్ల అతికినవా?”

“నలభై ఏండ్ల చెయ్యి.”

“ఒకటి తెంపి చూపెట్టు. టైమ్ చూస్త.”

మగ్గం ఆగింది. పొద్దున్నుంచి మొదటిసారి. “నీ వేలు తెంపుకొని అతికించుకో ముందుగాల, నేను టైమ్ చూస్త,” అన్నాడు అనంతయ్య. మగ్గం మళ్ళీ మొదలైంది.

“అసలు ఆన్నే ఆపేద్దామనుకున్నం కాకా,” అన్నది సింధూజ. “గని రంజిత్ ఊపిరి బిగవట్టి నా దిక్కు చూసిండు. నేను కట్టె లేపి అట్లనే పట్టుకున్న. నాయిన కొట్టంగనే కొట్టిన. మళ్ళ గట్ల ఎన్నడు రాదు.”

నాగప్ప తల ఊపి, జేబులోంచి మడత కాగితం తీశాడు. కంపెనీ మేడం అందరికీ పంపిన అరుణ్ వాంగ్మూలం. పైకి చదివాడు. “‘నాలుగవ పాటను మే పదహారు, శనివారం, ఉదయం పది నుండి ఒంటి గంట వరకు, గద్వాలలో అనంతయ్య గారి కొట్టం అద్దెకు తీసుకొని, ఆయన మగ్గం నేస్తుండగా నా సమక్షంలో రికార్డు చేయించాను.’ మీరు ఎన్నడు చేసిండ్రు?”

“పద్దెనిమిది, సోమవారం. ఆ సోమవారం అరుణ్ గానికి హైదరాబాద్ల పరీక్ష ఉండె. అందుకే శనివారం అని రాసిండు.”

“సోమవారం చేసినట్టు సాక్ష్యం?”

“నాయిన.”

“నాయిన చెల్లడు బిడ్డా.” నాగప్ప మగ్గం వైపు విసుగ్గా చూశాడు. “అనంతయ్యా, ఈ టకటక ఆగినప్పుడు రికార్డు చేసుకొమ్మంటే అయిపోతుండె కద. అది లేకుంటే ఈ లడాయే లేదు.”

“నేను చెప్పలేదా? అమాస నాడు నేను మగ్గం ఎక్క, అప్పుడొచ్చి మీ ఇష్టమొచ్చినట్ల కొట్టుకోండ్రి అన్న. వీని అవ్వ యాదమ్మ ఒప్పుకుంటేనా? అమాస పూట కొత్త పని ముట్టుకుంటే పిలగాని గొంతు పోతదని ఇంట్ల పెట్టి గొళ్ళెం పెట్టింది.”

రంజిత్ తల దించుకున్నాడు. ఎన్ని రాక్ పాటలు కట్టినా అమ్మ గొళ్ళెం గొళ్ళెమే.

నాగప్ప మెల్లగా గుంజకు వేలాడుతున్న క్యాలెండర్ దగ్గరకు నడిచాడు. జూన్ కాగితం ఎత్తి వెనక ఉన్న మే కాగితాన్ని చూశాడు. ఒక నిమిషం చూశాడు. తర్వాత దాన్ని పర్రున చింపి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

“అరె! దాని మీద గ్యాస్ బండ తెచ్చిన తారీఖు రాసుకున్న!” అని అరిచాడు అనంతయ్య.

“ఏడో తారీఖు. యాదివెట్టుకో,” అన్నాడు నాగప్ప చెప్పులు తొడుక్కుంటూ. “పదండ్రి పిల్లలూ, పన్నెండు నలభై బస్సున్నది.”

వనపర్తి ఫంక్షన్ హాలు అరుణ్ తండ్రి మాట్లాడిపెట్టాడు. బోర్లు వేసే లారీలు మూడున్న మనిషి. భూమిలో నీళ్ళున్నా లేకున్నా అడుగుకు ఇంత తీసుకునేవాడికి హాలు ఒక లెక్కా? వేదిక మీద పెండ్లికొడుకు కూర్చునే ఎర్ర కుర్చీలో తొలినాదం రోహిణి మేడం కూర్చుని ఉంది. ముందు బల్ల మీద ల్యాప్‌టాప్, రెండు పెద్ద స్పీకర్లు. ఓ పక్క అరుణ్, భుజాన గిటారు. దాని మీద కొట్టువాడు అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా ఊడలేదని నాగప్ప గమనించాడు.

రెండో పక్క, లోపల కూర్చుని కూడా నల్లద్దాలు తీయనివాడు దేవరాజు.

“ఓహో, నాగప్ప! గొర్లు దొరికినయా?” అన్నాడు.

“దొరికినయి. ఒక్క గుంటనక్క కోసం తిరుగుతున్న. నల్లద్దాలు పెట్టుకుంటదట.”

“ఇద్దరూ కూర్చోండి,” అన్నది రోహిణి. గొంతులో బెత్తం ఉంది. “ఫైళ్ళ మీద తేదీలు ఎవరైనా మార్చుకోవచ్చు కాబట్టి వాటిని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. ముందు అరుణ్ తరఫున దేవరాజు గారు చెప్పండి.”

దేవరాజు లేచి చొక్కా సవరించుకున్నాడు. “మేడం, మూడే ముక్కలు. ఒకటి, ముందు పంపింది మేము. రెండు, అసలు ముక్కలు మా దగ్గర ఉన్నయి, వీళ్ళ దగ్గర లెవ్వు. మూడు, ఇది జర ఇనండ్రి. దొంగ ఇల్లంత ఊడ్చినా ఒక చెంబు మర్చిపోతడు. మా దగ్గర తొమ్మిది పాటలు. వీళ్ళ దగ్గర ఎనిమిది. చెంబు ఎవరింట్ల ఉంటే ఇల్లు వాళ్ళదే కద?”

రోహిణి రాసుకుంది. సింధూజ మొహం పాలిపోయింది. రంజిత్ చెవిలో “వాడు మంచిగ చెప్తుండు కాకా” అన్నాడు, ఎవరి పక్షమో మరిచిపోయి.

నాగప్ప లేచి అరుణ్ వైపు నడిచాడు. “బాబూ, నాలుగో పాటల రెండు నిమిషాల నలభై ఒకటి దగ్గర అంత ఆగుతది. ఎందుకు?”

అరుణ్ జుట్టు వెనక్కి తోసుకున్నాడు. ఈ ప్రశ్నకు తయారై వచ్చినట్టుంది. “అది... నేటి మనిషి లోపలి శూన్యం అంకుల్. కావాలనే పెట్టిన.”

“శూన్యం. మంచిది. గద్వాలల దాన్ని పోగు తెగుడు అంటరు. నువ్వు ఆడ నిలబడి ఉంటే ముసలాయన తిట్టిన తిట్లు ఇనపడి ఉండాలె. సరే, ఆ దినం నువ్వు ఆడనే ఉన్నవా?”

“ఉన్న.”

“మే పదహారు. శనివారం.”

“హా, శనివారం.”

“మగ్గం నడుస్తుండె.”

“నడవకపోతే పాటల చప్పుడు యాడికెళ్ళి వస్తది అంకుల్?” అరుణ్ నవ్వాడు. దేవరాజు కూడా నవ్వాడు. పన్ను మీద పన్ను కనపడింది.

నాగప్ప జేబులోంచి మడతలు తీసి క్యాలెండర్ కాగితాన్ని రోహిణి ముందు పరిచాడు. పదహారో గడిలో నల్లటి గుండ్రటి చుక్క ఉంది.

“అమాస మేడం. అమాస నాడు గద్వాలల ఏ నేతగాడు మగ్గం ఎక్కడు. నాడె ముట్టడు. పండగలకన్న పనిచేస్తరు గని అమాసకు చెయ్యరు. ఆ దినం అనంతయ్య కొట్టంల రికార్డు చేస్తే, చప్పుడంటే బల్లి అరిచిందే వినపడుతుండె.”

దేవరాజు నల్లద్దాలు తీశాడు. అతని పొలం దున్నేది ఎద్దులు కావు, ట్రాక్టర్. ట్రాక్టర్‌కు అమాస లేదు. అందుకే ఆ సంగతి అతని లెక్కలోకి రాలేదు.

“ఇవన్ని చాదస్తం మేడం,” అన్నాడు. “ఊర్ల ఎవడో ఒకడు నేస్తడు. దేవుని మీద నమ్మకం లేనోడు ఉండడా? డబ్బులిస్తే అనంతయ్య గూడ నేస్తడు.”

“నేను మాట్లాడ,” అన్నాడు నాగప్ప. “నీ ఫోన్ తియ్యి. గద్వాలల నీకు తెల్సిన నేతగాన్ని ఒక్కన్ని అడుగు. అందరికి ఇనపడేటట్ల పెట్టు. వాడు నేస్తనంటే నేను ఈ పిల్లల్ని తీస్కొని బస్సెక్కుత.”

సింధూజ నాగప్ప చొక్కా పట్టుకుని లాగింది. ఆల్బమ్ మొత్తం ఒక ఫోన్ మీద పందెం కాశాడని అప్పుడు అర్థమైంది ఆమెకు. కానీ నాగప్ప కదల్లేదు. దేవరాజు పేర్లన్నీ పైకీ కిందకీ జరిపి, చివరకు మల్లేశ్‌కు ఫోన్ కొట్టాడు. తన బిడ్డ పెండ్లికి చీరలు నేసిచ్చినవాడు. మొహమాటస్థుడు. ఎవరేమడిగినా ‘సరే అన్నా’ అంటాడని పేరు.

“ఏం దేవరాజన్నా, చీర రంగు వోయిందా?” అని పలికింది ఫోను.

“అది కాదు తమ్మీ. హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. మళ్ళచ్చే అమాసకు మగ్గం నేసేది చూస్తదట. ఎంతైనా ఇస్తదట. నువ్వు నేస్తవు కద?”

“అన్నా, పగటీలే తాగినవా?”

“లేదు తమ్మీ, నిజంగనే...”

“అమాస నాడు మగ్గమెక్కుడేందన్నా! నా పెద్దకొడుకు పుట్టిన నాడు గూడ సగం చీర దించిన గని, అమాస నాడు ఎన్నడన్న నాడె ముట్టిన్నా? గద్వాల అంత తిరుగు, ఒక్క ‘టక్’ ఇనవడితే నా చెవి కోసిస్త. మేడంను పాడ్యమికి తోల్కరా. వదినె మంచిగున్నదా?”

దేవరాజు ఫోన్ కట్ చేశాడు. వదిన ఎలా ఉందో మల్లేశ్‌కు తెలియనేలేదు.

“అంకుల్!” అరుణ్ గొంతు కీచుమంది. “శనివారం అని రాయమన్నది మీరే కదా! నేను అడిగిన, ఏదన్న గడబిడ అయితదా అని!”

“నోరు ముయ్యిరా.”

“నేనెందుకు ముయ్యాలె? పాటలు ఎవరూ విననివి, ఓనర్లు లేనివి అని అమ్మింది మీరు!”

రోహిణి పెన్ను మూత పెట్టింది. “ఎనిమిది పాటలు సింధూజ, రంజిత్‌లవి. ఇందులో నాకు ఇక అనుమానం లేదు. ఈ ఏటి తొలి ఆల్బమ్ ఇదే. పోగు తెగిన చోటు అలాగే ఉంటుంది, దాన్ని ముట్టుకోం.”

సింధూజ ఏడవలేదు. పక్కనున్న స్టీలు కుర్చీ మీద రెండు చేతులతో టక టక టక్, ధబ్ అని వాయించింది. రంజిత్ మాత్రం, మూడు రోజుల నుంచి అన్నం తినని సంగతి గుర్తొచ్చినట్టు, హాలు వంటగది ఎటువైపని వాచ్‌మన్‌ను అడిగాడు.

ఇక్కడితో అయిపోవాల్సింది. దేవరాజు ఓడి ఊరుకునేవాడైతే అయిపోయేది.

“సరే మేడం. ఎనిమిది పాయె,” అన్నాడు బల్ల మీద చెయ్యేసి. “తొమ్మిదోది మాదే కద? దానికి వీళ్ళు అడ్డం రారు. వినండ్రి. పాత పద్ధతిల చేయించిన. దానికన్న ఒక చాన్స్ ఇయ్యండ్రి.”

“ఆ పాట నేనూ అడుగుదామనుకున్నాను,” అన్నది రోహిణి. “గొంతు వేరు. మొదటి చరణం దాకే విన్నా, నాకు చాలా నచ్చింది.” మీట నొక్కింది.

స్పీకర్లలోంచి ముందు గరగర వచ్చింది. టేపు గరగర. తర్వాత గిటారు. అన్నిటికంటే సన్నని తీగె లేని గిటారు. చెయ్యెత్తిన చోట ఆగకుండా పోయిన బస్సు మీద పాట. ఇరవై ఏళ్ళు దాటిన పిల్లగాడెవడో, ప్రపంచమంతా తన కోసం ఆగుతుందన్న పొగరుతో, గొంతు చించుకుని పాడుతున్నాడు.

నాగప్ప కూర్చున్నాడు.

“కాకా, ఏమైంది?” అన్నది సింధూజ. తెల్లబడిన అతని మొహాన్ని చూసింది, స్పీకర్ వైపు చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. డ్రమ్ములు కొట్టేవాళ్ళ చెవి మోసపోదు. లేచి పోయి తలుపుకు అడ్డంగా నిలబడింది.

పాట ముగిసింది. అలవాటు చొప్పున దేవరాజు చెయ్యి మీట మీదికి పోయింది.

“ఆపకు,” అన్నాడు నాగప్ప. “బతుకుల ఒక్కసారన్న చివరిదాకా విను. మేడం, ఇప్పుడు ఒక దగ్గు వస్తది. అది నాది. ఆ ఎనక ఒక మాట వస్తది. అది ఈయనది.”

గరగర. నాలుగు సెకన్లు. దగ్గు వచ్చింది. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత, పల్లీలు నములుతున్న నోటితో, ఇరవై తొమ్మిదేళ్ళు చిన్నదైన దేవరాజు గొంతు హాలంతా మోగింది.

“నాగప్పా, ఆపురా ఇగ, బువ్వకు పోదాం. ఎవడు వింటడు ఇది!”

అరుణ్ నోరు తెరిచాడు. రంజిత్ అరటిపండుతో వచ్చి వంటగది గుమ్మంలో ఆగిపోయాడు. దేవరాజు రెండు అడుగులు వెనక్కి వేసి, వెనక సింధూజను చూసి మళ్ళీ రెండు ముందుకు వేశాడు.

“చెరిపిన అన్నవు కదరా,” అన్నాడు నాగప్ప. కోపం రాలేదు. అంత పెద్దదానికి కోపం సరిపోలేదు. “పెండ్లి మేళం వినిపిస్తివి.”

“అది వేరే క్యాసెట్,” అన్నాడు దేవరాజు నేల చూస్తూ. “అమ్ముదామనుకున్న. నాలుగు కంపెనీలు తిరిగిన. ఎవడు కొనలే. అటక మీద డబ్బాల పడేసిన.”

“తొమ్మిది ఉన్నయా?”

“తొమ్మిది ఉన్నయి.”

“ఎన్నడన్న విన్నవా?”

“మొదటి పాట... సగం దాకా.”

ఎర్ర కుర్చీలోంచి రోహిణి ముందుకు వంగింది. “నాగప్ప గారూ, ఇది మీ తొలి ఆల్బమా?”

“హౌదు,” అన్నాడు నాగప్ప. గుండె నిండినప్పుడు అతనికి రాయచూరు తల్లి నేర్పిన కన్నడమే వస్తుంది.

“మిగతా ఎనిమిదీ వినాలి నేను. ఇవాళే.” ఆమె కొత్త కాగితం తీసుకుని పైన అతని పేరు రాసింది. “అప్పట్లో దీనికి మీకు ఎంత ఖర్చయింది? సుమారుగా చెప్పండి, చాలు.”

సుమారుగా నాగప్పకు తెలియదు. కచ్చితంగానే తెలుసు. దేవరాజు కళ్ళలోకి చూస్తూ, ఇంటావిడకు తప్ప ఎవరికీ చెప్పనిది, హాలులో ఉన్న అందరికీ వినపడేలా చెప్పాడు.

“ధరూరు దారిల, నీళ్ళున్న బాయితో సహా, ఎకరా పదిహేడు గుంటలు.”